ఆ ఇరవై నిమిషాలు వాడికి ఇవ్వండి

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. స్కూలు ఇంటికి కిలోమీటరున్నర లోపే. అయినా రోజూ కారులోనే దింపుతాం, కారులోనే తెచ్చుకుంటాం. ఏడాదిగా వాడు పొద్దున లేస్తూనే చిరాగ్గా ఉంటున్నాడు. వారంలో రెండు మూడు రోజులు కడుపునొప్పి అంటాడు. డాక్టరుకు చూపిస్తే ఒంట్లో ఏమీ లేదన్నారు. సాయంత్రం రాగానే సోఫాలో పడి ఫోన్ అడుగుతాడు, రాత్రి పదకొండైనా నిద్రపోడు. ఇప్పుడు నెల రోజులుగా ‘నేను నడిచి వెళ్తా, లేదంటే సైకిల్ కొనండి’ అని ఒకటే గొడవ. వాళ్ల నాన్నకు ట్రాఫిక్ భయం. మా అత్తగారేమో ‘ఎండలో అంత దూరం నడిపిస్తే పిల్లాడు నీరసపడిపోడూ’ అంటారు. శని, ఆదివారాలు గంట చొప్పున ఈతకు ఎలాగూ పంపుతున్నాం, అది చాలదా? నడక, సైకిల్ పిల్లల మనసు మీద నిజంగా పనిచేస్తాయా? లేక మనం చిన్నప్పుడు నడిచాం కాబట్టి అది గొప్పగా అనిపిస్తోందా?

– ఒక తల్లి

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఒక మాట దగ్గర ఆగిపోయాను. నడిచి వెళ్తానని వాడే అడుగుతున్నాడు, అదీ నెల రోజులుగా. తొమ్మిదేళ్ల పిల్లాడు ఒకే కోరికను అన్నాళ్లు పట్టుకుని ఉన్నాడంటే అందులో వాడికి కావలసింది ఏదో ఉంది. నన్నడిగితే, వాడికి కావలసింది ఎవరూ ఏమీ చెప్పని కాసేపు. లేచింది మొదలు లే, పళ్లు తోముకో, తిను, బ్యాగు సర్దుకో, కారెక్కు. దిగగానే లైను, గంట, క్లాసు. సాయంత్రం ట్యూషనో హోంవర్కో. ఈతలోనూ కోచ్ విజిల్ వేస్తేనే నీళ్లలోకి దూకాలి. ఇంత రోజులో వాడి కాళ్లు వాడి ఇష్టప్రకారం కదిలే సమయం ఎంతుందో ఒక్కసారి లెక్కవేసి చూడండి.

నడక సంగతికి వెళ్లేముందు కడుపునొప్పి గురించి మాట్లాడాలి. అది సెలవు రోజుల్లో వస్తోందా? ఆదివారం రాత్రి మొదలై శుక్రవారం సాయంత్రానికి మాయమవుతోందా? అలా అయితే స్కూల్లో ఏదో వాడిని ఇబ్బంది పెడుతోందేమో చూడండి. తోటి పిల్లాడు ఏడిపించడం, ఒక సబ్జెక్టు అంటే భయం, బాత్రూముకు వెళ్లాలంటే బెరుకు, ఏదైనా కావచ్చు. నిద్ర చాలని పిల్లలకు కూడా పొద్దున్నే కడుపులో తిప్పుతుంది. నడిపిస్తే నొప్పి పోతుందని నేను చెప్పను. కానీ ఆ నొప్పి వెనక ఏముందో వాడు మీకు చెప్పే చోటు నడకలో దొరుకుతుంది.

ఇది నా అనుభవం. మా చిన్నవాడు ఎనిమిదేళ్ల వయసులో ఒక దశలో బాగా ముభావంగా తయారయ్యాడు. ఎదురుగా కూర్చోబెట్టి ‘ఏమైంది నాన్నా, చెప్పు’ అంటే నేల చూపులు. ఏదో కారణానికి కొన్నాళ్లు వాడిని నడిపించి తీసుకెళ్లాల్సి వచ్చింది. దారిలో ఒక గులకరాయి దొరికింది వాడికి. దాన్ని బూటుతో తన్నుకుంటూ నడిచేవాడు, స్కూలు గేటు పక్కన గోడ మూల దాచేవాడు, సాయంత్రం మళ్లీ తీసి తన్నుకుంటూ వచ్చేవాడు. మూడో రోజో నాలుగో రోజో, రాయి దొర్లుకుంటూ పక్కకు పోతే దాన్ని తేవడానికి వంగి, అటు తిరిగే అన్నాడు: ‘నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు.’ నేను ఏమీ అనలేదు. రాయి మళ్లీ మా ముందుకొచ్చింది, ఇంకో పది అడుగులు నడిచాం, అప్పుడు మిగతాదంతా చెప్పాడు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు పిల్లలు మన మొహం చూడక్కర్లేదు. చేతులకో కాళ్లకో పని ఉంటుంది. మాట మధ్యలో ఆగిపోయినా ఇబ్బందిగా ఉండదు, నడక సాగుతూనే ఉంటుంది కదా. కారులోనూ మాట్లాడొచ్చు అంటారేమో. మాట్లాడొచ్చు, కానీ మీ కళ్లు రోడ్డు మీద, మనసు టైము మీద, హారన్ల మీద ఉంటాయి. పైగా కిలోమీటరున్నర కారులో నాలుగైదు నిమిషాలు. పిల్లలు అసలు విషయానికి రావడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

ఇక మీ చివరి ప్రశ్న. ఇదంతా మన చిన్ననాటి ముచ్చటేనా? కొంత ముచ్చట ఉంది, ఒప్పుకుంటాను. కానీ అంతే కాదు. 2009లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తొమ్మిది, పదేళ్ల పిల్లలు 20 మంది మీద ఒక పరీక్ష చేశారు. ఒకరోజు 20 నిమిషాలు ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఇంకోరోజు ఊరికే కూర్చోబెట్టి, తర్వాత ఏకాగ్రత పరీక్షలు పెట్టారు. నడిచిన రోజున అదే పిల్లలు ఎక్కువ సరైన జవాబులిచ్చారు, చదివి అర్థం చేసుకోవడంలోనూ మెరుగ్గా చేశారు. చిన్న పరీక్షే. కానీ ఒక పిల్లాడిని ఇంకో పిల్లాడితో కాక, వాడితో వాడినే పోల్చి చూశారు, అందుకే నాకది నమ్మకంగా అనిపిస్తుంది. డెన్మార్క్‌లో అయితే 2012లో దాదాపు 20,000 మంది విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఒకటి బయటికి వచ్చింది. నడిచో సైకిల్ మీదో స్కూలుకు వచ్చిన పిల్లల ఏకాగ్రత, కారులోనో బస్సులోనో వచ్చినవాళ్ల కంటే బాగుందని, ఆ ప్రభావం నాలుగు గంటల దాకా ఉంటోందని తేలింది. నడిచే పిల్లల ఇళ్లలో వేరే మంచి అలవాట్లు కూడా ఉండొచ్చు కాబట్టి ఫలితమంతా నడకదే అని ఇలాంటి సర్వేతో తేల్చేయలేం. అయినా రెండూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

ఈత చాలదా అన్నారు. ఈత మంచిది, మానిపించకండి. కానీ లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు వారం మొత్తం మీద సగటున రోజుకు 60 నిమిషాలు, గుండె కాస్త వేగంగా కొట్టుకునేంత కదలిక ఉండాలి. అంటే వారానికి ఏడు గంటలు. మీవాడికి ఈతలో దొరుకుతున్నవి రెండు గంటలు. స్కూలుకు రానూ పోనూ నలభై నిమిషాలు కాస్త చురుగ్గా నడిస్తే అయిదు రోజుల్లో మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇక మిగిలేది గంటా నలభై నిమిషాలు, అది సాయంత్రం సైకిల్‌తోనో ఆటతోనో గడిచిపోతుంది. దీనికోసం కొత్తగా ఏ క్లాసులోనూ చేర్పించక్కర్లేదు, ఎలాగూ చేసే ప్రయాణమే ఆ పని చేసిపెడుతుంది. 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మందికి ఆ గంట కదలిక కూడా ఉండడం లేదని ఇదే సంస్థ 2016 నాటి లెక్కలు చూసి చెప్పింది. మీవాడు ఇంకో రెండేళ్లలో ఆ వయసుకు వస్తాడు. అప్పుడు కొత్తగా అలవాటు చేయడం కంటే ఇప్పుడు వాడే అడుగుతున్నప్పుడు చేయడం తేలిక.

నిద్ర సంగతీ ఇందులోనే ఉంది. పొద్దుటి వెలుగు కళ్లలో పడితే ఒంట్లోని గడియారం సరిచేసుకుంటుంది. పగలు ఎప్పుడు మొదలైందో దానికి తెలిస్తే, రాత్రి నిద్ర ఎప్పుడు తేవాలో కూడా తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఇంట్లో లైట్ల వెలుగు కంటే బయటి వెలుగు చాలా ఎక్కువ. పొద్దున ఇరవై నిమిషాలు బయట నడిచి, రాత్రి పడుకోవడానికి గంట ముందు ఫోన్ పక్కన పెట్టేస్తే, వాడు మెల్లగా పదకొండు కంటే ముందే నిద్రపోవడం మొదలుపెడతాడు. రెండోది చేయకుండా మొదటిది చేస్తే సగం ఫలితమే. బయటి వెలుగు కంటిచూపుకు కూడా మేలే. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు స్కూల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపే పీరియడ్ పెట్టి మూడేళ్లు గమనించారు. ఆ పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరం సరిగా కనపడని లోపం, 30 శాతం మందికి వస్తే, ఆ పీరియడ్ లేని స్కూళ్లలో దాదాపు 40 శాతం మందికి వచ్చింది. 2015లో వెలువడిన ఫలితమిది.

కానీ అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించేది వేరే. కాలిఫోర్నియాలో బ్రూస్ ఆపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు తొమ్మిది, పదేళ్ల పిల్లలకు కాగితాలిచ్చి, మీ ఇంటి చుట్టుపక్కల ఎలా ఉంటుందో గీయమన్నాడు. ట్రాఫిక్ తక్కువగా ఉన్న పేటలో పిల్లలు స్నేహితుల ఇళ్లు, చెట్లు, ఆడుకునే చోట్లు గీశారు. వాహనాల రద్దీ ఎక్కువగా ఉన్న చోట పిల్లలు ‘ఇక్కడ ప్రమాదం’, ‘ఇది నాకు నచ్చదు’ అన్న గుర్తులే ఎక్కువ పెట్టారు. కారు అద్దం వెనక నుంచి చూసిన దారి పిల్లలకు సొంతం కాదు. నడిచిన దారిలో వాళ్లకు ఏ గేటు దగ్గర కుక్క ఉంటుందో తెలుసు, వాన పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలుసు, రోజూ అదే టైముకు ఎదురయ్యే పెద్దాయన తెలుసు. నాకు తెలిసిన చోటు ఇది, నేను ఇక్కడ తిరగగలను అన్న ధైర్యం అక్కడే పుడుతుంది. దిగులు, టెన్షన్ ఎక్కువగా ఉన్న పిల్లలకు ఈ ధైర్యం చాలా అవసరం. మీరొక పని చేయండి. ఇంటి నుంచి స్కూలు దాకా దారి గీయమని మీవాణ్ని అడగండి. ఆ కాగితం దాచండి. రెండు నెలలు నడిచాక మళ్లీ గీయించండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

వాళ్ల నాన్న భయాన్ని కొట్టిపారేయకండి. ఆయన భయపడుతున్నది ఉన్న దానికే. పదీ పన్నెండేళ్ల లోపు పిల్లలు ఎదురొచ్చే వాహనం వేగాన్ని సరిగా అంచనా వేయలేరు, ముఖ్యంగా అది వేగంగా వస్తున్నప్పుడు. ఎంత తెలివైన పిల్లలైనా అంతే. చూపు, మెదడు ఇంకా ఆ పనికి తయారవుతూ ఉంటాయి. అందుకని తొమ్మిదేళ్ల వాణ్ని వాహనాలు దూసుకుపోయే పెద్ద రోడ్డు ఒంటరిగా దాటమని నేను చెప్పను. కానీ ఆ భయంతో కారులోనే దింపుతూ పోతే ఏమవుతుందో ఇంగ్లండు చూపించింది. అక్కడ 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా స్కూలుకు వెళ్లేవారు. 1990కి అది 9 శాతానికి పడిపోయింది. పిల్లలను దింపే కార్లు పెరిగేకొద్దీ స్కూలు ముందు రోడ్డు ఇంకా ప్రమాదకరంగా మారుతుంది, దాన్ని చూసి ఇంకో ఇంటివాళ్లు కూడా కారు తీస్తారు. నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదిలోనే 400 మందికి పైగా పిల్లలు రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అక్కడి తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు, ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్నదే ఆ ఉద్యమం పేరు. వీధుల్లో వేగం తగ్గించేలా, సైకిళ్లకు వేరే దారి ఉండేలా రోడ్లు మార్పించుకున్నారు. ఈరోజు అక్కడ పిల్లలు సైకిళ్ల మీద స్కూలుకు వెళ్తున్నారంటే, ఆ తల్లిదండ్రులు భయాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చోకపోవడం వల్లే.

మీరు అంత చేయక్కర్లేదు, ముందు దారి వెతకండి. దగ్గర దారి కన్నా మంచి దారి ముఖ్యం. రెండు వందల మీటర్లు ఎక్కువైనా వాహనాలు తక్కువ తిరిగే సందు దొరికితే అదే మీ దారి, పొగ కూడా అక్కడ తక్కువ. మధ్యలో తప్పనిసరిగా దాటాల్సిన పెద్ద రోడ్డు ఉంటే, అక్కడిదాకా కారులో వెళ్లి, ఆపి, మిగతాది నడవండి. కారు పూర్తిగా మానేస్తేనే నడక అని ఎవరూ అనలేదు. అదే దారిలో ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఇంకా సులువు. రోజుకో ఇంటి పెద్దవాళ్లు అందరినీ నడిపించి తీసుకెళ్లొచ్చు. చాలా దేశాల్లో దీన్ని ‘నడిచే స్కూలు బస్సు’ అంటారు. మీ టైమూ మిగులుతుంది, వాడికి స్నేహితులూ దొరుకుతారు. స్కూలు విషయంలో దిగులున్న పిల్లాడికి గేటు లోపలికి ఇంకొకరితో కలిసి అడుగుపెట్టడం ఎంత తేడానో నేను చూశాను.

రోడ్డు దాటేటప్పుడు వాడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లకండి. వాణ్నే చూడనివ్వండి, వాణ్నే చెప్పనివ్వండి: ‘అటు బండి వస్తోంది, ఆగాలి... ఇప్పుడు వెళ్లొచ్చు.’ పైకి చెప్పమనండి. వాడి అంచనా ఎక్కడ తప్పుతోందో మీకు అప్పుడే తెలుస్తుంది. నెల గడిచాక చివరి వంద మీటర్లు వాణ్ని ముందు వెళ్లనిచ్చి మీరు వెనక ఆగండి. తర్వాత ఇంకో వంద. అలా మెల్లగా వదలండి.

అత్తగారి మాటా తీసేయాల్సింది కాదు. మండుటెండ రోజుల్లో మధ్యాహ్నం కారులోనే తెచ్చుకోండి, పొద్దుటి నడక ఒక్కటీ ఉంచండి. టోపీ, నీళ్ల సీసా ఉంటే చాలు. నాకు ఎండ కన్నా బ్యాగు గురించే ఎక్కువ బెంగ. బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకపోతే మంచిది. మీవాడు 28 కిలోలుంటే బ్యాగు మూడు కిలోల లోపు. రేపే ఒకసారి తూచి చూడండి. ఎక్కువుంటే ఆరోజు అక్కర్లేని పుస్తకాలు తీసేయండి. మొదటి వారం కాళ్లు లాగుతున్నాయంటాడు, అది మామూలే.

ఇప్పుడు సైకిల్. కొనండి, కానీ స్కూలుకు వెళ్లడానికని కాదు, ముందు నేర్చుకోవడానికి. ‘ఎదిగే పిల్లాడు కదా’ అని ఒక సైజు పెద్దది కొంటారు చాలామంది. అదే తప్పు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి, బ్రేకు వేళ్లకు అందాలి. షాపులో చెప్పి పెడల్స్ విప్పించండి, సీటు దించండి. 1817లో జర్మనీలో కార్ల్ డ్రయిస్ తయారుచేసిన తొలి రెండు చక్రాల బండికి కూడా పెడల్స్ లేవు, కాళ్లతో నేలను నెట్టుకుంటూ వెళ్లడమే. పిల్లలకు బ్యాలెన్స్ రావడానికి ఇప్పటికీ అంతకన్నా మంచి పద్ధతి లేదు. ఖాళీ మైదానంలో కొంచెం వాలు ఉన్న చోట వదలండి. మొదట్లో పాదాలు నేలను టకటక కొడతాయి. తర్వాత ఆ చప్పుడు మధ్య ఖాళీ పెరుగుతుంది. ఒక సాయంత్రం రెండు పాదాలూ గాల్లోకి లేచి, పది బారల దూరం చప్పుడే ఉండదు. అప్పుడు వాడు వెనక్కి తిరిగి చూస్తాడు, మీరు చూశారా లేదా అని. చూడండి. ఆ క్షణంలో మీ చేతిలో ఫోన్ ఉండకూడదు. ఆ తర్వాత పెడల్స్ బిగిస్తే చాలామంది పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే తొక్కేస్తారు. మోకాలు గీసుకుపోతుంది, మళ్లీ ఎక్కుతాడు. ‘నావల్ల కాదు’ అన్న పని తన వల్లే అయిందని ఒంటితో తెలుసుకునే అవకాశం ఆ వయసులో సైకిల్ ఇచ్చినంతగా ఇంకేదీ ఇవ్వదు.

హెల్మెట్ కనుబొమ్మల పైన రెండు వేళ్ల ఎడం ఉండేలా పెట్టాలి, పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. చాలామంది పిల్లలకు అది నుదురు వదిలేసి వెనక్కి జారి ఉంటుంది, దానివల్ల ఉపయోగం లేదు. రోడ్డెక్కే ముందు మూడు పనులు వచ్చి తీరాలి: గీసిన గీత మీద ఆగడం, బండి వంకర పోకుండా భుజం మీదుగా వెనక్కి చూడడం, ఒక చేత్తో తొక్కుతూ రెండో చెయ్యి చాపి సైగ చేయడం. నెదర్లాండ్స్‌లో పిల్లలకు పదకొండు, పన్నెండేళ్ల వయసులో స్కూళ్లలో ట్రాఫిక్ పరీక్ష పెడతారు, నిజం రోడ్డు మీద సైకిల్ తొక్కి చూపించాలి. మీరూ ఆ వయసునే గురిగా పెట్టుకోండి. అప్పటిదాకా సైకిల్ మైదానంలోనో, పక్కన మీరు ఉండగా చిన్న వీధుల్లోనో. స్కూలుకు మాత్రం నడక.

దారిలో ఎక్కాలు అడగకండి. అడుగులు లెక్కపెట్టే వాచీ వద్దు. ‘ఈరోజు ఏం చెప్పారు’ అని మీరు మొదలుపెట్టొద్దు. వాడు చీమల బారు దగ్గర ఆగితే ఆగండి, అందుకని పది నిమిషాలు ముందే బయల్దేరండి. ఆ పది నిమిషాలు లేకపోతే నడక కూడా ‘త్వరగా, త్వరగా’ అనే ఇంకో పని అయిపోతుంది, దానికి కారే నయం.

వారంలో తేడా కనిపించాలని చూడకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇవ్వండి. నిద్ర, పొద్దుటి చిరాకు, కడుపునొప్పి వచ్చిన రోజులు ఒక క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. అప్పటికీ నొప్పి అలాగే ఉంటే పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. ఇక తిండి తగ్గినా, స్కూలుకు వెళ్లనని ఏడ్చినా, ఎవరైనా తనను కొడుతున్నారనో ఏడిపిస్తున్నారనో చెప్పినా ఎనిమిది వారాలు ఆగకండి, ఆరోజే స్కూలుతో మాట్లాడండి.

ఈ ఆదివారం ఈత నుంచి వచ్చాక మీ ముగ్గురూ ఆ దారిలో ఒకసారి నడిచి రండి. వాళ్ల నాన్నకు భయం వేసే మలుపు ఎక్కడుందో ఆయన్నే చూపించమనండి. అక్కడ ఎలా దాటాలో మీవాణ్ని అడగండి, ఏం చెప్తాడో ఇద్దరూ వినండి. సోమవారం ఎన్ని గంటలకు బయల్దేరాలో వాడే చెప్పాలి.